పచ్చగా వెలిగే జింక్ ఆక్సైడ్: ప్రాజెక్టు డైరీ

ఏం తేల్చాలి

జింక్ ఆక్సైడ్‌ని మూడు నాలుగు నానోమీటర్ల కణాలుగా తయారుచేస్తే అతినీలలోహిత దీపం కింద పచ్చగా వెలుగుతుంది. కాలమైన్ లోషన్‌లో ఉండే తెల్లపొడీ జింక్ ఆక్సైడే. రెండిటిలోనూ స్ఫటికం వుర్ట్‌జైటే: జింక్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని చుట్టూ ఒకటి నాలుగేసి చొప్పున చేరిన షట్కోణ అమరిక. అమరిక ఒకటే అయినా వెలుగు ఇంత వేరుగా ఎందుకుంటుంది? కణం పెరిగేకొద్దీ, వేడి చేసేకొద్దీ స్ఫటికంలో ఏం మారుతోంది, వెలుగులో ఏం మారుతోంది? రెండూ పక్కపక్కనే కొలిచి చూడడమే ఈ ప్రాజెక్టు.

రోజు 0: సరుకు

జింక్ ఎసిటేట్ డైహైడ్రేట్, లిథియం హైడ్రాక్సైడ్ మోనోహైడ్రేట్, ఇథనాల్, కడగడానికి హెక్సేన్. గాజు సామాను మామూలుదే. అదనంగా కావలసింది అల్ట్రాసోనిక్ బాత్, మంచునీళ్ల తొట్టి, ఒక క్వార్ట్జ్ క్యువెట్ (కొలతలకు ద్రావణం పోసే చిన్న పాత్ర).

అన్నిటికంటే దొరకడం కష్టమైంది నీళ్లు లేని ఇథనాల్. మన దగ్గర దానికి ఎక్సైజ్ అనుమతి కావాలి, కాగితాలకే రోజులు పడతాయి. చాలాచోట్ల అందుబాటులో ఉండేది 95 శాతం రెక్టిఫైడ్ స్పిరిట్. మొదటి బ్యాచ్ కావాలనే దానితో చేశాం. మిగిలిన ఐదు శాతం నీళ్లు ఎంత చెడగొడతాయో ముందే తెలుసుకోవాలని.

లిథియం హైడ్రాక్సైడ్ సీసా మూత తీసి ఎక్కువసేపు ఉంచకూడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కార్బొనేట్ అవుతుంది, అది ఇథనాల్‌లో కరగదు. తూచేదేదో చకచకా తూచి మూత బిగించాలి. చేతికి తగిలితే చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి.

రోజు 1: బ్యాచ్ 1, స్పిరిట్‌తో

ఈ పద్ధతి ఈ రంగంలో అందరికీ తెలిసినదే. 1991లో స్పాన్‌హెల్, ఆండర్సన్ అనే పరిశోధకులు ప్రచురించిన దారిని 1998లో మ్యూలెన్‌క్యాంప్ సరళం చేశారు. కొలతలు ఇవి: 1.10 గ్రాముల జింక్ ఎసిటేట్ (5 మిల్లీమోల్) 50 మి.లీ. ఇథనాల్‌లో, 0.29 గ్రాముల లిథియం హైడ్రాక్సైడ్ (7 మిల్లీమోల్) మరో 50 మి.లీ. ఇథనాల్‌లో. మొదటిది మరిగించి కరిగించాలి, రెండోది అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టి కరిగించాలి. రెండిటినీ సున్నా డిగ్రీలకు చల్లార్చి, రెండోదాన్ని మొదటిదానిలో చుక్కచుక్కగా కలపాలి.

స్పిరిట్‌తో చేస్తే పని మొదట్లో చాలా సులువుగా సాగింది. లిథియం హైడ్రాక్సైడ్ తొందరగా కరిగింది. కలిపాక ద్రావణం తేటగానే ఉంది, దీపం కింద వెలిగింది కూడా. గంట తిరిగేసరికి మసక బారింది. రాత్రికి సీసా అడుగున తెల్లటి మడ్డి చేరింది, వెలుగు పోయింది. నీళ్లు ఉంటే చిన్న కణాలు కరిగి పెద్ద కణాల మీద పేరుకోవడం వేగం అందుకుంటుంది. ఈ బ్యాచ్‌ని పారేయకుండా వ్యర్థాల సీసాలో పోశాం. జింక్ నీటిలోని జీవులకు విషం, సింకులో పోయకూడదు.

రోజు 3: బ్యాచ్ 2

ఈసారి అబ్సల్యూట్ ఇథనాల్. దాన్ని కూడా 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్ గుళికల మీద రెండు రోజులు ఉంచాం. నీళ్లను పీల్చుకునే సన్నటి రంధ్రాల గుళికలివి; ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదోవంతు. గుళికలను ముందుగా 250 డిగ్రీల దగ్గర రాత్రంతా వేడిచేసి, మూత పెట్టిన పాత్రలో చల్లార్చాలి. 4 ఆంగ్‌స్ట్రామ్ గుళికల రంధ్రాల్లోకి ఇథనాల్ కూడా దూరుతుంది కాబట్టి ఈ పనికి 3 ఆంగ్‌స్ట్రామ్‌వే తీసుకోవాలి.

జింక్ ఎసిటేట్ మరిగే ఇథనాల్‌లో పది నిమిషాల్లో కరిగింది. మంట వాడకూడదు, హాట్‌ప్లేట్ మీద రిఫ్లక్స్ కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి మళ్లీ పాత్రలోకే పంపేది) పెట్టి చేయాలి. చల్లార్చగానే తెల్లటి అవక్షేపం పడింది. కొత్తగా చేసేవాళ్లు ఇక్కడే కంగారుపడి బ్యాచ్ పోయిందనుకుంటారు. పోలేదు. అది నీళ్లు వదిలేసిన జింక్ ఎసిటేటే. హైడ్రాక్సైడ్ చుక్కలు పడేకొద్దీ కరిగిపోయి ద్రావణం తేటపడుతుంది.

లిథియం హైడ్రాక్సైడ్ పొడి ఇథనాల్‌లో కరగడానికి అరగంట పట్టింది. అడుగున కాస్త తెల్లటి నలుసు మిగిలింది, కార్బొనేట్ అయుండాలి. ఫిల్టర్ చేశాకే కలిపాం. 50 మి.లీ. పోయడానికి 25 నిమిషాలు తీసుకున్నాం, స్టిర్రర్ బాగా వేగంగా తిరుగుతుండాలి. చివరికి సీసాలో ఉన్నది మంచినీళ్లలా కనిపించే ద్రవం. దీన్ని పదేసి మిల్లీలీటర్ల చొప్పున పది సీసాల్లో పోసి బిగించాం: మూడు సున్నాకి 18 డిగ్రీల కింద, నాలుగు 4 డిగ్రీల దగ్గర, మూడు గది వేడిలో. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో ఇథనాల్ పెట్టకూడదు. ఆవిరి చేరితే లోపలి స్విచ్ నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. రసాయనాల కోసం చేసిన ఫ్రిజ్ వాడాలి.

రోజు 3, సాయంత్రం: దీపం చేసే మోసం

చేతిలో 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ టార్చి ఉంది. తాజా ద్రావణం మీద వేస్తే అతి మందంగా వెలిగింది. గది వేడిలో ఉంచిన సీసా మర్నాటికి, ఆ మర్నాటికి ఇంకా ఇంకా బాగా వెలిగింది. కణాలు పెరిగితే వెలుగు పెరుగుతుందని రాసుకోబోయి ఆగాం.

లెక్క చూడండి. తాజా కణాలు 340 నానోమీటర్ల దగ్గరే కాంతిని పీల్చడం దాదాపు ఆపేస్తాయి. 365 టార్చి కాంతి వాటిలోంచి నేరుగా దాటిపోతుంది. పీల్చని కాంతిని తిరిగి ఎలా ఇస్తాయి? కణాలు పెరిగేకొద్దీ పీల్చే అంచు 365 వైపు జరుగుతుంది, టార్చి కాంతి ఎక్కువగా అందుతుంది, అందుకే వెలుగు పెరిగినట్టు కనిపిస్తుంది. అదే సీసాలను 312 నానోమీటర్ల దీపం కింద పక్కపక్కన పెడితే తాజాదే ప్రకాశవంతంగా ఉంది. 365 టార్చి ఒక్కదాన్నే నమ్మి చేసిన పోలికలన్నీ ఈ ఒక్క కారణంతో తిరగబడతాయి.

254 దీపం వాడేవాళ్లకు మరో ముప్పు ఉంది. గాజు సీసా ఆ కాంతిని తానే మింగేస్తుంది. క్వార్ట్జ్ క్యువెట్ లేకపోతే పెట్రీ డిష్‌లో పోసి, మూత లేకుండా పైనుంచి వెయ్యాలి. కళ్లకు పాలీకార్బొనేట్ అద్దాలు, చేతులకు గ్లౌజులు ఉండాలి.

రంగు గురించి ఒక మాట. తెలుగులో ‘పచ్చ’ అన్నది ఆకుకీ చెల్లుతుంది, పసుపుకీ చెల్లుతుంది. ఈ ద్రావణం సరిగ్గా ఆ రెండిటి మధ్యే ప్రయాణిస్తుంది: తాజాగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, ముదిరేకొద్దీ పసుపుపచ్చ. నోటుబుక్‌లో మాత్రం ‘పచ్చ’ అని రాయకండి. వెలుగు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చోటు, అంటే శిఖరం, ఎన్ని నానోమీటర్ల దగ్గరుందో రాయండి. మా తాజా సీసాలో 520 దగ్గర, మూడు రోజులు గది వేడిలో ఉన్నదానిలో 545 దగ్గర వచ్చింది.

రోజు 6: కణం ఎంత పెద్దది

ద్రావణంలో ఉన్న కణం కొలత శోషణ అంచు, అంటే కాంతిని పీల్చే అంచు, నుంచి వస్తుంది. ఒక మిల్లీలీటరుని పొడి ఇథనాల్‌తో 50 మి.లీ. చేసి యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్‌లో పెట్టాలి. మొదటి మెట్టు దగ్గరి శోషణలో సగానికి పడిపోయే తరంగదైర్ఘ్యం చదవాలి. మ్యూలెన్‌క్యాంప్ ఇచ్చిన సూత్రం ఇది: 1240ని ఆ తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది = 3.301 + 294 / వ్యాసం వర్గం + 1.09 / వ్యాసం. వ్యాసం ఆంగ్‌స్ట్రామ్‌లలో. 25 నుంచి 65 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకే దీన్ని నమ్మాలి.

రోజు 3 సాయంత్రం 340 వచ్చింది, అంటే 3.1 నానోమీటర్లు. ఈ రోజు 4 డిగ్రీల సీసాలో 346, అంటే 3.4. గది వేడిలో ఉన్నదానిలో 357, అంటే 4.5. ఫ్రీజర్‌లో ఉన్నవి కదల్లేదు.

ఉద్గారం, అంటే కణాలు తిరిగి ఇచ్చే వెలుగు, కొలిచేటప్పుడు ఈ ద్రావణాన్ని ఇంకా పదింతలు పలచన చేయాలి. ఉత్తేజపరిచే తరంగదైర్ఘ్యం దగ్గర శోషణ 0.1 దాటితే క్యువెట్ ముందు గోడ దగ్గరే కాంతి అయిపోతుంది, వచ్చే అంకెలు పోల్చడానికి పనికిరావు. ఏ రెండు సీసాలను పోల్చినా వచ్చిన వెలుగుని పీల్చిన కాంతితో భాగించాకే పోల్చాలి.

రోజు 7: లేని శిఖరం

జింక్ ఆక్సైడ్ రెండు రకాలుగా వెలుగుతుంది. ఎలక్ట్రాన్ నేరుగా తన ఖాళీలోకి పడితే 370, 380 ప్రాంతంలో సన్నటి శిఖరం. దారిలో ఏదైనా లోపం దగ్గర చిక్కుకుని పడితే 500 పైన వెడల్పాటి పచ్చ పట్టీ. 340తో ఉత్తేజపరిస్తే మా ద్రావణంలో 378 దగ్గర చక్కటి సన్నటి శిఖరం కనిపించింది. పుస్తకంలో చెప్పినట్టే ఉందని సంతోషించాల్సిన చోటే అనుమానించాలి.

ఉత్తేజాన్ని 330కి మార్చాం. శిఖరం 365కి జరిగింది. నిజమైన ఉద్గారమైతే కదలకూడదు. ఖాళీ ఇథనాల్ పెట్టి చూశాం, అక్కడా అదే శిఖరం. ఇది ఇథనాల్ రామన్ చెదురుడు. ఇథనాల్‌లోని కార్బన్–హైడ్రోజన్ బంధం దాదాపు 2930 తరంగసంఖ్య (సెంటీమీటరుకి ఇన్ని తరంగాలు అని చెప్పే కొలమానం) శక్తిని తీసుకుని మిగతాది వదిలేస్తుంది, 340 నుంచి అది సరిగ్గా 378 దగ్గర పడుతుంది. పలచన ద్రావణాల్లో మనకు కావలసిన శిఖరం చోటే ఇదీ కూర్చుంటుంది. ఖాళీ ద్రావణి స్పెక్ట్రం తీసివేయకుండా ఏ పటమూ గీయకూడదు. ఉత్తేజ కాంతి రెండో వరుస కూడా 340కి రెట్టింపైన 680 దగ్గర వచ్చింది. యంత్రంలో కాంతిని రంగులుగా విడదీసే గ్రేటింగ్ చేసే పని అది, 400 కింది కాంతిని ఆపే ఫిల్టర్ పెడితే పోయింది.

రోజు 8: కడగడం

స్ఫటికాన్ని చూసే ఎక్స్‌రే పరీక్షకి పొడి కావాలి. 4 డిగ్రీల సీసాలోంచి 10 మి.లీ. తీసుకుని 20 మి.లీ. హెక్సేన్ పోయగానే తెల్లటి మేఘం కమ్మింది. ఇలా పోసినప్పుడు ద్రవం రెండు పొరలుగా విడిపోతే నీళ్లు చేరాయేమోనని అనుమానించాలి. సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఐదు నిమిషాలు తిప్పి, పైద్రవం వంపేసి, 2 మి.లీ. ఇథనాల్‌లో మళ్లీ కరిగించి, మళ్లీ హెక్సేన్. రెండుసార్లు చాలు. మూడోసారి కడిగిన భాగం మళ్లీ ఇథనాల్‌లో కలవలేదు, గడ్డగట్టింది. కణాలను ఒకదానికొకటి అంటుకోకుండా ఉంచేది పైన ఉన్న ఎసిటేట్ పొరే, అతిగా కడిగితే అది కొట్టుకుపోతుంది.

కడగని భాగం కొంత పక్కన పెట్టాం, పోలికకి. అన్నిటినీ 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాం.

రోజు 10: ఎక్స్‌రే

100 మి.లీ. బ్యాచ్ మొత్తం కలిపినా పొడి 0.4 గ్రాములు దాటదు. మామూలు హోల్డర్ నిండదు, తన శిఖరాలేవీ చూపని సిలికాన్ జీరో బ్యాక్‌గ్రౌండ్ హోల్డర్ మీద 25 మిల్లీగ్రాములు పరిచాం. రాగి ఎక్స్‌రే, 1.5406 ఆంగ్‌స్ట్రామ్. కోణం 5 నుంచి 75 డిగ్రీల దాకా, మెట్టుకి 0.02 డిగ్రీ, మెట్టుకి రెండు సెకన్లు. రెండు గంటలు పట్టింది.

స్కాన్‌ని 20 డిగ్రీల దగ్గర మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. వద్దు, 5 నుంచే మొదలుపెట్టండి. కడగని పొడిలో 6.6 డిగ్రీల దగ్గర నిలువుగా ఒక శిఖరం వచ్చింది. అది జింక్ ఆక్సైడ్ కాదు. పొరలు పొరలుగా ఉండే జింక్ హైడ్రాక్సీ ఎసిటేట్, పొరల మధ్య దూరం 13.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. 20 నుంచి స్కాన్ చేస్తే ఈ మలినం ఉన్నట్టే తెలియదు, పొడి శుద్ధమని రాసేస్తాం. కడిగిన పొడిలో ఈ శిఖరం లేదు.

కడిగిన పొడిలో 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర రావలసిన మూడు శిఖరాలు కలిసిపోయి ఒకే గుట్టలా ఉన్నాయి. కణం ఇంత చిన్నదైతే అంతే, మూడింటి అడుగులూ ఒకదానిమీదికొకటి ఎక్కుతాయి. ఆ గుట్టని మూడు ముక్కలు చేసి వెడల్పు కొలవడం కంటే, 56.6 డిగ్రీల దగ్గర ఒంటరిగా నిలబడే (110) శిఖరాన్ని నమ్మడం మేలు. (110), (101) లాంటివి శిఖరాన్నిచ్చే స్ఫటిక తలాల పేర్లు. దాని వెడల్పు 2.0 డిగ్రీలు. శిఖరం వెడల్పు నుంచి కణం కొలత చెప్పే షెరర్ సూత్రంలో పెడితే 4.5 నానోమీటర్లు.

ఇక్కడ ఆగాం. కడిగేముందు అదే సీసా ద్రావణంలో కొలిస్తే 3.4. ఆరబెట్టిన పొడిలో 4.5. కడగడంలో, ఓవెన్‌లో కణం పెరిగింది. అంటే మేం ఉద్గారం కొలిచిన కణాలు వేరు, స్ఫటిక నిర్మాణం కొలిచిన కణాలు వేరు. ఒకదాని వెలుగుని మరొకదాని స్ఫటికంతో జతచేసి కారణాలు చెబుతున్నాం. ఇలాంటి జతలు చాలా రిపోర్టుల్లో కనిపిస్తాయి. ఈ రోజు నుంచి నియమం మార్చాం: ఎక్స్‌రేకి పెట్టిన పొడిలోంచే చిటికెడు తీసి, అదే పూట దాని ఉద్గారం కూడా కొలవాలి. ద్రావణం అంకెలు వేరే పట్టికలో ఉంటాయి, రెండూ కలవవు.

రోజులు 11, 12: కొలిమి

పొడిని నాలుగు భాగాలు చేసి గాలిలో గంటసేపు వేడిచేశాం: 200, 400, 600, 800 డిగ్రీలు. కొలిమిలోంచి తీసినప్పుడు 600, 800వి పసుపు రంగులో ఉన్నాయి. చల్లారేసరికి తెల్లబడ్డాయి. వేడి జింక్ ఆక్సైడ్ గుణమది, మలినం కాదు.

స్ఫటికం వైపు కథ సూటిగా ఉంది. 400 దగ్గర మూడు శిఖరాలూ విడిపోయాయి. 36.3 దగ్గరి (101) వెడల్పు 0.45 డిగ్రీలు, 19 నానోమీటర్లు. 600 దగ్గర 0.24, అంటే 35. ఈ వెడల్పుల్లోంచి యంత్రం సొంత వెడల్పుని ముందే తీసేశాం. సిలికాన్ ప్రామాణిక పొడితో కొలిస్తే అది 0.10 డిగ్రీ వచ్చింది. 800 దగ్గర శిఖరం, యంత్రం వెడల్పు తీయకముందే, 0.12కి సన్నబడింది. అంతా యంత్రానిదే దాదాపు, కాబట్టి కణం ఎంతో చెప్పకుండా వదిలేశాం. షెరర్‌కి ఏ వెడల్పు ఇచ్చినా ఏదో ఒక అంకె వస్తుంది, అంకె వచ్చింది కదా అని రాయకూడదు. శిఖరాల చోట్లు మాత్రం ఎక్కడా కదల్లేదు: ఒక అక్షం 3.250, నిలువు అక్షం 5.207 ఆంగ్‌స్ట్రామ్‌లు. నిష్పత్తి 1.602, ఆదర్శ షట్కోణానికి ఉండాల్సిన 1.633 కంటే తక్కువ. వుర్ట్‌జైట్ జింక్ ఆక్సైడ్‌కి అదే సహజం.

వెలుగు వైపు కథ సూటిగా లేదు. 60 డిగ్రీల పొడి పసుపుపచ్చగా బాగా వెలిగింది. 200 దగ్గర ఎసిటేట్ మాడి లేత గోధుమరంగు వచ్చింది, వెలుగు తగ్గింది. 400 దగ్గర తెల్లటి పొడి, అతి మందమైన నారింజ ఛాయ. 600 దగ్గర టార్చి కింద కంటికి ఏమీ లేదు, స్పెక్ట్రోమీటర్‌లో మాత్రం 380 దగ్గర నిజమైన సన్నటి శిఖరం లేచింది. ఇది పొడి, ద్రావణి లేదు, ఉత్తేజం మార్చినా కదల్లేదు. 800 దగ్గర 510 ప్రాంతంలో ఆకుపచ్చ మళ్లీ తలెత్తింది.

మొదటి పచ్చ, చివరి పచ్చ ఒకటి కావు. చిన్న కణంలో పరమాణువుల్లో చాలా భాగం ఉపరితలం మీదే ఉంటాయి, వెలుగుకి మొదటి మెట్టు అక్కడే: రంధ్రం, అంటే ఎలక్ట్రాన్ వదిలి వెళ్లిన ఖాళీ, ఉపరితలం దగ్గర చిక్కుకోవడం. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ పరిశోధకులు చూపిన దారి ఇది. కణం పెరిగి స్ఫటికం చక్కబడేకొద్దీ ఆ ఉపరితలం వాటా తగ్గిపోతుంది, వెలుగూ పోతుంది. 800 దగ్గర వచ్చేది స్ఫటికం లోపల, ఎక్కువ వేడికి ఏర్పడిన లోపాలది. ఇదే జింక్ ఆక్సైడ్‌ని ఆక్సిజన్ కొరత ఉన్న వాతావరణంలో బాగా కాలిస్తే 505 దగ్గర వెలిగే పొడి వస్తుంది. పాత వీసీఆర్‌ల, ఆడియో సెట్ల ముందుపలక మీద నీలిపచ్చగా వెలిగిన అంకెలు దానివే.

లోపల ఉన్న ఆ లోపం ఏమిటన్న దానిమీద తగువు తీరలేదు. 1969లో డింగిల్ రాగి మలినమన్నారు. 1996లో వాన్‌హ్యూస్డెన్ బృందం ఆక్సిజన్ ఖాళీలన్నారు, అంటే స్ఫటికంలో ఆక్సిజన్ పరమాణువు ఉండాల్సిన చోట లేకపోవడం. జింక్ ఖాళీలనేవాళ్లూ ఉన్నారు. మా పొడి మీద తీర్పు చెప్పడానికి ఉద్గార పటం ఒక్కటే చాలదు. ‘ఆక్సిజన్ ఖాళీల వల్ల’ అని ఒక్క వాక్యంలో తేల్చేయడం మాకు ఇష్టం లేదు, అందుకే పట్టికలో కారణం గడి ఖాళీగా ఉంచాం.

రోజు 13: ఆకురసాల సంగతి

వేపాకు, తులసి రసంతో జింక్ ఆక్సైడ్ చేసి ఉద్గారం కొలిచే కాలేజీ ప్రాజెక్టులు మన దగ్గర చాలా ఉన్నాయి. పద్ధతి తప్పు కాదు, కానీ ఆకురసం తానే వెలుగుతుంది. పత్రహరితం 680 దగ్గర ఎర్రగా, మిగతా సేంద్రియాలు 400–450 మధ్య నీలంగా. వేడిచేస్తే మిగిలిన కార్బన్ కూడా నీలంగా వెలుగుతుంది. జింక్ వేయకుండా అదే రసాన్ని అవే మెట్లమీద నడిపి, ఆ ఖాళీ నమూనా స్పెక్ట్రం పక్కన పెట్టకపోతే ఏ వెలుగు దేనిదో చెప్పలేం.

రోజు 14: గాలి

ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాలో నైట్రోజన్ పావుగంట బుడగలుగా పంపి, క్యువెట్ బిగించి 312 దీపం కింద 20 నిమిషాలు ఉంచాం. పచ్చ వెలుగు పడిపోయింది, 370 దగ్గరిది పెరిగింది, శోషణ అంచు పొట్టి తరంగదైర్ఘ్యాల వైపు జరిగింది. మూత తీసి కుదిపితే నిమిషాల్లో పాత స్థితికి వచ్చింది. కాంతి వల్ల పుట్టిన రంధ్రాలను ఇథనాల్ తినేస్తుంది, మిగిలిన ఎలక్ట్రాన్లు కణంలో పేరుకుంటాయి. ఆక్సిజన్ వచ్చి వాటిని తీసుకెళ్తే తప్ప ఖాళీ కావు.

పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఉద్గారం కొలిచిన క్యువెట్‌తోనే వెంటనే శోషణ కొలిస్తే కణం ఉన్నదానికంటే చిన్నదిగా లెక్క వస్తుంది. ముందు శోషణ, తర్వాతే ఉద్గారం. మధ్యలో గాలి తగలనివ్వాలి.

రోజు 17: మిగిలిన సీసాలు

ఫ్రీజర్‌లో రెండు సీసాలు మిగిలాయి, అంచు 340 దగ్గరే ఉంది. బ్యాచ్ 3కి కొలతలన్నీ ఇవే, ఒక్కటి తప్ప: ఆరబెట్టడం 60 దగ్గర కాకుండా గది వేడిలో వాక్యూమ్ డెసికేటర్‌లో. ఆ పొడిలో (110) వెడల్పు 2.7 డిగ్రీలకు దగ్గరగా వస్తే కణం 3.4 దగ్గరే నిలిచినట్టు. ఎక్స్‌రేకి మధ్యాహ్నం రెండింటికి సమయం దొరికింది, స్పెక్ట్రోఫ్లోరోమీటర్ అదే రోజు నాలుగింటికి.